డాక్టరు గారు "నీకేమీ లేదమ్మా" అన్నాక ఏం చేయాలి

మీ ప్రశ్న ముందు క్లుప్తంగా చెప్తాను, చదివే మిగతావాళ్లకీ వీలుగా ఉంటుంది. మీకు 31 ఏళ్లు, బొబ్బిలిలో ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. చిన్నప్పటి నుంచి చప్పుళ్లు, గుంపులు, చివరి నిమిషంలో మారిపోయే పనులు మీకు పడవు. పెద్దవాళ్లలో ఆటిజం (పుట్టుకతోనే మెదడు పనిచేసే తీరు వేరుగా ఉండటం) గురించి చదివాక అదంతా మీ గురించే రాసినట్టు అనిపించింది. కొన్ని నెలలుగా కడుపు నొప్పి కూడా ఉంది. రెండూ కలిపి అరవై దాటిన మీ ఫ్యామిలీ డాక్టరుకి చెప్తే ఆయన నవ్వేసి, "పిల్లలకి పాఠాలు చెప్తున్నావు, నా కళ్లలోకి చూసి మాట్లాడుతున్నావు, నీకు ఆటిజం ఏంటమ్మా? పెళ్లయితే అన్నీ సర్దుకుంటాయి" అని గ్యాస్ మాత్ర రాసి పంపించారు. మీ అమ్మగారు కూడా ఆయన మాటే పట్టుకున్నారు. ఆయన్ని ఎలా ఒప్పించాలి, లేకపోతే డాక్టర్నే మార్చేయాలా అని అడిగారు.

నేను డాక్టర్ని కాను. శ్రీకాకుళంలో ఒక ఆఫీసులో అకౌంట్లు చూస్తాను. మా పిల్లాడు హైస్కూలుకి వచ్చాక, విశాఖలో నాకు ఆటిజం అని తేల్చారు. అప్పటి నుంచి మన రెండు జిల్లాల్లోనూ ఇలాంటివాళ్లు ఎవరైనా అడిగితే ఆసుపత్రికి తోడు వెళ్తున్నాను. ఆ అనుభవంతో చెప్తున్నాను: ఒప్పించే పని పెట్టుకోకండి. మీకు ఆటిజం ఉందని ఆయన నమ్మకపోయినా ఆయన చేయగలిగిన పనులు రెండున్నాయి. కడుపు నొప్పిని సరిగ్గా చూడటం ఒకటి, సైకియాట్రీకి, అంటే మానసిక వైద్యులకి చూపించమని రిఫరల్ చీటీ రాయడం రెండోది. ఆ రెండూ అడిగి చేయించుకుని రండి. వాదన మొదలైతే ఆయనకున్న ఐదు నిమిషాలూ దానికే పోతాయి, కడుపు సంగతి మళ్లీ మూలన పడుతుంది.

ఆయన అలా ఎందుకు అన్నారో తెలిస్తే సగం కోపం తగ్గుతుంది. అరవై దాటిన డాక్టరు అంటే ఎనభైల్లో ఎంబీబీఎస్ చదివి ఉంటారు. మానసిక సమస్యల నిర్ధారణకి వాడే అమెరికా సైకియాట్రీ వాళ్ల డీఎస్ఎం పుస్తకంలో ఆటిజం విడిగా చేరిందే 1980లో, అదీ పసిపిల్లల జబ్బు అన్న లెక్కన. మాటలు బాగా వచ్చి, చదువుకుని, ఉద్యోగాలు చేసేవాళ్లలో కూడా ఇది ఉంటుందని ఆ పుస్తకం ఒప్పుకోవడం 1994లో ఆస్పర్జర్స్ పేరుతో మొదలైంది. 2013లో వచ్చిన ఐదో కూర్పులో అన్నీ కలిపి ఆటిజం స్పెక్ట్రమ్ అన్నారు. మన దేశం సంగతి చూస్తే, 1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం ఊసే లేదు. 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టంలోకి వచ్చింది, 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల వైకల్యాల్లో చేరింది. ప్రభుత్వ కార్యక్రమాలు కూడా పిల్లల వైపే. జిల్లా ఆసుపత్రుల్లో ఉండే ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్లు 18 ఏళ్ల వరకే చూస్తాయి. కాబట్టి మీ డాక్టరు గారు సర్వీసంతా చూసిన ఆటిజం అంటే మాటలు రాని ఐదేళ్ల బాబు. ఆ బాబు పక్కన పెట్టి చూస్తే మీరు ఆయనకి శుభ్రంగా ఉన్నట్టే కనిపిస్తారు.

ఇంకో మాట. "కళ్లలోకి చూస్తున్నావు కదా" అన్న వాదనకి జవాబు ఆ 2013 పుస్తకంలోనే ఉంది. లక్షణాలు చిన్నప్పటి నుంచే ఉండాలి, కానీ మనిషి మీద బరువు పెరిగేదాకా పూర్తిగా బయటపడకపోవచ్చు, నేర్చుకున్న పద్ధతుల చాటున దాగిపోనూవచ్చు అని అందులో రాశారు. నేను ఎదుటివాళ్ల కనుబొమ్మల మధ్య చూస్తాను. పెళ్లిచూపుల రోజుల్లో మా పిన్ని దగ్గర కూర్చోబెట్టి నేర్పించిన విద్య అది, ఇప్పటికీ పనికొస్తోంది. ఆడపిల్లలకి ఇలాంటి శిక్షణ ఇంట్లోనే ఉచితంగా దొరుకుతుంది. మనల్ని డాక్టర్లు గుర్తు పట్టకపోవడానికి అదొక పెద్ద కారణమని నా అభిప్రాయం.

అయితే అసలు చిక్కు ఈ ఆటిజం అనే మాట దగ్గర కంటే ముందే మొదలవుతుంది. డాక్టరు ప్రశ్న అడిగే తీరు, మనం జవాబు చెప్పే తీరు కలవవు.

ఆయన "పైడితల్లమ్మ పండక్కి వెళ్తావా?" అని అడుగుతారు. "వెళ్తాను" అంటాం. నిజమే, ప్రతి ఏడూ వెళ్తాం. జనంలో బాగానే తిరుగుతోంది అని ఆయన రాసుకుంటారు. సిరిమాను ఊరేగింపు చూసి ఇంటికొచ్చాక రెండు రోజులు లైటు వేయకుండా, ఎవరితోనూ మాట్లాడకుండా పడుకున్న సంగతి ఆయన అడగలేదు, మనం చెప్పలేదు. అబద్ధం ఎవరూ ఆడలేదు, కానీ ఆయనకి తెలియాల్సింది తెలియలేదు.

దీనికంటే ప్రమాదమైనది ఒకటి, నేను తోడు వెళ్లిన ఒక కుర్రాడి విషయంలో, దగ్గరుండి చూశాను. ఆ కుర్రాడు ఒప్పుకున్నాకే రాస్తున్నాను, ఊరు మాత్రం చెప్పను. పలాస వైపు, జీడి కార్ఖానాలో సూపర్‌వైజరు. కడుపులో మంట, ఒంట్లో సత్తువ లేదు. ఉద్దానం మనిషి నీరసం అన్నాడంటే అక్కడ ఏ డాక్టరైనా ముందు రాసేది క్రియాటినిన్, అంటే కిడ్నీల పనితీరు చూసే రక్త పరీక్ష. అది తప్పు కాదు, ఆ ప్రాంతంలో కిడ్నీలు ఎలా పోతున్నాయో అందరికీ తెలుసు. రిపోర్టు నార్మల్ వచ్చింది. "ఏటి బావూ, కిడ్నీలు బాగున్నాయి, నీకేటీ నేదు, టెన్షన్ తగ్గించుకో" అన్నారు. ఇంకో డాక్టరు కూడా అంతే. ఇద్దరూ "ఏమైనా మందులు వాడుతున్నావా?" అని అడిగారు. ఇద్దరికీ "లేదు" అనే చెప్పాడు.

నేను వెళ్లినరోజు ఆసుపత్రి బయట టీ కొట్టు దగ్గర కూర్చుని అతని రోజంతా గంట గంటకీ చెప్పమన్నాను. కార్ఖానాలో మిషన్ల మోతకి మధ్యాహ్నానికల్లా తలనొప్పి వస్తుందట. మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్ర కొని వేసుకుంటాడట, చాలాసార్లు ఖాళీ కడుపుతోనే, రోజూ. మరి మందులు వాడటం లేదని ఎందుకు చెప్పావంటే, డాక్టరు రాసిస్తేనే కదా మందు, ఇది షాపులో కొన్న మాత్ర అన్నాడు. అతని లెక్కలో ఆ జవాబు నూటికి నూరు పాళ్లూ సరైనది. రోజూ ఖాళీ కడుపున నొప్పి మాత్ర వేస్తే పుండు పడుతుంది, కిడ్నీలకీ మంచిది కాదు. ఎండోస్కోపీలో పుండు కనిపించింది. డాక్టర్లు కొట్టిపారేశారని ఎంత కోపంగా ఉన్నా, ఆ ఒక్క ప్రశ్న "షాపులో కొన్నవి, పక్కింటివాళ్లు ఇచ్చినవి, ఆయుర్వేదం, అన్నీ కలిపి ఏం మింగుతున్నావు" అని విడదీసి అడిగి ఉంటే అక్కడే తేలిపోయేది. అలా అడగాలని వాళ్లకి ఎవరూ చెప్పలేదు.

నొప్పి ముఖం మీద కనిపించకపోవడం కూడా ఉంది. మన దగ్గర రోగి అంటే మూలగాలి, కడుపు పట్టుకోవాలి, "సచ్చిపోతన్నాను బాబూ" అనాలి. మనలో చాలామంది నొప్పి పెరిగేకొద్దీ బిగుసుకుపోతాం, గొంతు ఒకే స్థాయిలో ఉంటుంది. ఇంకొందరికి లోపల ఏం జరుగుతోందో పేరు పెట్టి చెప్పడమే రాదు, అది ఆకలో మంటో భయమో తెలియదు. ఆటిజం ఉన్నవాళ్లలో సుమారు సగం మందికి ఈ ఇబ్బంది ఉంటుందని పరిశోధనల్లో తేలింది. "పదికి ఎంత నొప్పి?" అని అడిగితే నాకు ఇప్పటికీ జవాబు రాదు. నొప్పి వల్ల ఆగిపోయిన పనులైతే చెప్పగలను.

ఇదంతా మన ఊళ్ల వెనకబాటుతనం అనుకోకండి. డాక్టరు మేరీ డొహర్టీ అని ఐర్లండులో మత్తు డాక్టరు, ఆవిడకే ఆటిజం ఉంది. ఆవిడ బృందం 2022లో ఒక సర్వే అచ్చు వేసింది. ఆటిజం ఉన్న 507 మంది పెద్దవాళ్లు పాల్గొంటే, ఫ్యామిలీ డాక్టరు దగ్గరికి వెళ్లడమే కష్టంగా ఉందని 80 శాతం మంది చెప్పారు. ఆటిజం లేనివాళ్లలో అలా చెప్పినవాళ్లు 37 శాతం. అసలు ఈ బాధకి డాక్టరు దగ్గరికి వెళ్లాలా వద్దా అన్నదే తేల్చుకోలేకపోతున్నామన్నవాళ్లు 72 శాతం. తమ మాట అర్థం చేసుకున్నట్టు అనిపించడం లేదన్నవాళ్లు 56, వెయిటింగ్ హాలే భరించలేమన్నవాళ్లు 51. అన్ని వసతులున్న చోటే ఇలా ఉంటే, సాయంత్రం ఓపీలో అరవై టోకెన్లు నడిపే మన డాక్టరు దగ్గర ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

అందుకే కాగితం. నోటితో చెప్పడం మానేసి ఒక పేజీ రాసి తీసుకెళ్లండి. ఒక పేజీ దాటితే ఎవరూ చదవరు. ఆ జీడి కార్ఖానా కుర్రాడు మూడోసారి తీసుకెళ్లింది ఇది, దాదాపు ఉన్నదున్నట్టు:

"బొడ్డు పైన మంట, సంక్రాంతి తర్వాత నుంచి. ఖాళీ కడుపున ఎక్కువ. తెల్లవారుజామున మూడింటికి లేచి కూర్చుంటున్నాను. మధ్యాహ్నం భోజనం సగానికి తగ్గింది. నెలలో ఐదు రోజులు పనికి వెళ్లలేదు. మలం రెండుసార్లు నల్లగా వచ్చింది. డైక్లోఫెనాక్ షాపులో కొని రోజూ ఒకటి వేసుకుంటున్నాను, ఐరన్ మాత్రలు వాడటం లేదు. గ్యాస్ మాత్ర మూడు వారాలు వాడాను, తగ్గలేదు. నొప్పి ఎక్కువగా ఉన్నప్పుడు నేను మాట్లాడటం తగ్గిస్తాను, ముఖంలో తెలియదు. అడిగినదానికే జవాబు చెప్తాను, కాబట్టి దయచేసి విడివిడిగా అడగండి. ఇంకా ఏ పరీక్ష అవసరమో చెప్పండి, అవసరం లేదంటే ఎందుకో రాయండి."

చూశారా, ఆటిజం అన్న మాట అందులో ఎక్కడా లేదు. అతనికి అప్పటికి నిర్ధారణ కూడా కాలేదు. అయినా తనతో ఎలా మాట్లాడాలో డాక్టరుకి చెప్పేశాడు. మలం నల్లగా వస్తే లోపల రక్తం కారుతోందేమో అని అనుమానించాలి (ఐరన్ మాత్రలతోనూ నల్లబడుతుంది, అవి వాడటం లేదని రాసింది అందుకే). ఆ ముక్క దగ్గర ఆయన పెన్ను ఆగింది. తల ఎత్తి మొదటిసారి అతని వైపు చూశారు. ఆ సంగతి అతను అంతకు ముందు నోటితో ఎవరికీ చెప్పలేదు, ఎందుకంటే ఎవరూ అడగలేదు. "ఎందుకో రాయండి" అన్న చివరి వాక్యం కూడా పనిచేస్తుంది. డాక్టరు మీద అనుమానంలా కాకుండా మామూలుగా, మర్యాదగా అడగండి. "టెన్షన్" అని నోటితో అనేయడం తేలిక, ప్రిస్క్రిప్షన్ మీద సంతకం పైన రాయాలంటే ఎవరైనా ఒక క్షణం ఆలోచిస్తారు.

ఇక అమ్మ. కడుపు నొప్పికి వెళ్లేటప్పుడు అమ్మగారిని బయట కూర్చోబెట్టండి. లోపలికి వస్తే డాక్టరు ప్రశ్న మిమ్మల్నే అడిగినా జవాబు ఆవిడే చెప్తారు, "రాత్రి పూట ఫోను చూస్తుందండీ, తిండి సరిగ్గా తినదండీ" అని. ప్రేమతోనే చెప్తారు, కానీ ఆ రెండు మాటలతో ఆయన కేసు మూసేస్తారు. సైకియాట్రిస్టు దగ్గరికి మాత్రం అమ్మగారు తప్పనిసరిగా కావాలి. మాటలు ఎప్పుడు వచ్చాయి, తోటి పిల్లలతో ఎలా ఆడేవారు, ఏ బట్ట వేస్తే ఏడ్చేవారు, ఇవన్నీ మీకు గుర్తుండవు. పెద్దయ్యాక ఆటిజం తేల్చాలంటే బాల్యం గురించి చెప్పేవాళ్లు ఉండటం చాలా విలువైనది. "అమ్మా, నువ్వు చెప్తేనే వాళ్లకి తెలుస్తుంది" అంటే ఆవిడ కూడా మెత్తబడతారు.

సంబంధాలు చెడిపోతాయన్న భయం ఆవిడకి ఉంటుంది. బొబ్బిలి లాంటి ఊళ్లో ఆ భయం ఉత్తిదేమీ కాదు, కాంపౌండరుకి తెలిస్తే వీధికి తెలిసినట్టే. మీరు మేజరు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కు మీకుంది. "ఇది మీకూ నాకూ మధ్యే ఉండాలండీ" అని ఓపీ గదిలో తలుపు వేసి ఉన్నప్పుడే చెప్పండి.

చీటీ సంగతి. "నాకు ఆటిజం ఉంది, ఒప్పుకోండి" అనకుండా "చిన్నప్పటి నుంచి ఈ ఇబ్బందులు ఉన్నాయి, ఒకసారి సైకియాట్రీలో చూపించుకుందామనుకుంటున్నాను, రిఫరల్ రాయండి" అనండి. దీనికి అడ్డు చెప్పే డాక్టరు తక్కువ. రాయకపోయినా కొంపేమీ మునగదు. ప్రభుత్వ పెద్దాసుపత్రిలో సైకియాట్రీ ఓపీకి చీటీ లేకుండానే ఓపీ టికెట్టు తీసుకుని వెళ్లొచ్చు. మీకు విజయనగరం దగ్గర. అక్కడ కుదరకపోతే విశాఖ చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక ఆసుపత్రి. పేరు విని అమ్మగారు హడలిపోతారు, పిచ్చాసుపత్రి అంటారు కాబట్టి. కానీ ఓపీలో కూర్చునేవాళ్లంతా మనలాంటి మామూలు మనుషులే. ఎక్కడికి వెళ్లాలో తేల్చుకోలేకపోతే 14416కి ఫోన్ చేయండి, టెలి మానస్, తెలుగులోనే మాట్లాడతారు. ప్రైవేటు సైకాలజిస్టు దగ్గరికి వెళ్తే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో క్లినికల్ సైకాలజిస్టుగా రిజిస్టరై ఉన్నారా అని చూసుకోండి. బోర్డు మీద కౌన్సెలర్ అని ఎవరైనా రాసుకోవచ్చు.

రక్త పరీక్షలోనో స్కానింగులోనో ఆటిజం తేలదు. ఎంఆర్ఐ తీయించి "బ్రెయిన్ బాగుంది కాబట్టి ఆటిజం లేదు" అని ఎవరైనా అంటే ఆ వాక్యానికి అర్థం లేదు. థైరాయిడ్, బీ12, హిమోగ్లోబిన్ మాత్రం చూపించుకోవడం మంచిదే, నీరసానికి అవే కారణం కావచ్చు. నెట్‌లో దొరికే పది ప్రశ్నల ఏక్యూ-10, ఎనభై ప్రశ్నల రాడ్స్ లాంటి ఆటిజం ప్రశ్నపత్రాలు అనుమానం బలంగా ఉందా లేదా చెప్తాయి, అంతే. ఆ స్కోరు స్క్రీన్‌షాట్ తీసుకెళ్లి బల్ల మీద పెట్టకండి. "గూగుల్ చూసి వచ్చింది" అన్న ముద్ర పడితే మిగతాది ఏదీ వినరు. స్కోరు బదులు ఉదాహరణలు చెప్పండి: స్టాఫ్ రూములో మిక్చరు పొట్లం విప్పే చప్పుడుకి బయటికి వెళ్లిపోవడం, టైంటేబుల్ మారిన రోజు వాంతి రావడం, ఇలాంటివి.

పరీక్షించాక ఆటిజం కాదు అని తేలవచ్చు కూడా. ఏడీహెచ్‌డీ (దృష్టి నిలవకపోవడం, నిలకడ లేకపోవడం), ఆందోళన, చిన్నప్పటి గాయాలు కూడా పైకి ఇలాగే కనిపిస్తాయి, కొందరిలో రెండు మూడు కలిసి ఉంటాయి. "కాదు" అన్నవాళ్లు బాల్యం నుంచి అడిగి, గంటో రెండు గంటలో కూర్చుని చెప్పారా, రెండు నిమిషాల్లో చూసి చెప్పారా అన్నది నేను చూస్తాను. మొదటి రకం "కాదు"ని గౌరవించండి.

సర్టిఫికెట్ గురించి మీరు అడగలేదు కానీ తర్వాత అడుగుతారు. నిర్ధారణ వేరు, వైకల్యానికి ప్రభుత్వం ఇచ్చే సదరం సర్టిఫికెట్ వేరు. తీవ్రత లెక్కకట్టడానికి వాడే ఐఎస్ఏఏ అనే స్కేలు సికింద్రాబాద్‌లో మేధోవైకల్యం కోసం ఉన్న జాతీయ సంస్థలో తయారైంది. 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5. మొత్తం 70కి తగ్గితే ఆటిజం లేనట్టే లెక్క. పిల్లల్ని దృష్టిలో పెట్టుకున్న అంశాలు ఎక్కువ, ఏళ్ల తరబడి దాచుకోవడం నేర్చుకున్న టీచరుకి అందులో మార్కులు పడటం కష్టం. రిజర్వేషన్ కావాలంటే 40 శాతం వైకల్యం రాయాలి. మీకు అవసరమైతే ప్రయత్నించండి, రాలేదని నిర్ధారణనే అనుమానించుకోకండి.

నిర్ధారణ అయ్యాక ఇంకో రకం కొట్టిపారేయడం ఉంటుంది, దానికీ సిద్ధంగా ఉండండి. ఇప్పటిదాకా "టెన్షన్" అన్న చోట "ఆటిజం కదా, అలాగే ఉంటుంది" అంటారు. ఆటిజం వల్ల కడుపులో పుండు పడదు. మూర్ఛ, నిద్రలేమి, మలబద్ధకం లాంటివి ఆటిజం ఉన్నవాళ్లలో ఎక్కువే, అయినా ప్రతిదానికీ విడిగా పరీక్ష, విడిగా వైద్యం ఉన్నాయి. ఆటిజం "తగ్గించే" మందు అంటూ ఏదీ లేదు, ఎవరైనా అమ్మితే కొనకండి.

డాక్టర్ని మార్చాలా అన్నారు. నేనైతే మార్చను. జ్వరానికీ, అమ్మగారి బీపీకీ, రాత్రి పదింటికి ఫోన్ ఎత్తడానికీ ఆయన కావాలి. పాతికేళ్లుగా మీ ఇంటిని చూసిన మనిషి. ఓపీ కిటకిటలాడని వేళ చూసుకుని, మొదటి టోకెన్ కోసం ముందురోజే కాంపౌండరుకి చెప్పి వెళ్లండి. హాల్లో టీవీ, ఫ్యాను మోత పడకపోతే మీ పేరు వచ్చేదాకా బయట మెట్ల మీద కూర్చోండి. కాగితం ఇచ్చాక కూడా ఆయన చదవకుండా పక్కన పెడితే, అప్పుడు కడుపు కోసం మాత్రం వేరే ఫిజీషియన్ని చూసుకోండి.

బరువు తగ్గుతున్నా, మలం నల్లగా వస్తున్నా, వాంతిలో రక్తం కనిపించినా ఈ కాగితాలూ టోకెన్లూ ఏమీ వద్దు, అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్లిపోండి. రక్తం పడినా కళ్లు తిరిగి పడిపోయినా 108 పిలవండి. అలాంటివి లేకపోతే ఈ వారంలోనే కాగితం రాసి మీ డాక్టరు గారికి చూపించండి. సైకియాట్రీ ఓపీకి వేసవి సెలవుల్లో వెళ్లినా ఫర్వాలేదు, కడుపు నొప్పిని అప్పటిదాకా ఆపకండి.